కంట్లో చిప్ చరిత్ర: ఎవరి మీద పరీక్షించిన్రు, పరీక్ష అయినంక ఏమైంది?



కంట్లో చిప్ పెడితే చూపు పోయినోళ్లకు మళ్లీ చూపు వస్తదట అనే వీడియో మన గ్రూపులో చానా తిరుగుతున్నది. అది చూసినోళ్లందరూ ఒకటే అడుగుతున్నరు: మా తాతకు పెట్టిస్తరా, మా నాయనమ్మకు పెట్టిస్తరా, ఎంతయితది? మా హాస్టల్‌లో కూడా ఇదే చర్చ. అందుకే మేము నలుగురం కూసొని ఈ చిప్ కథ మొదటి నుంచి చదివినం. చదివినంక మాకు ఇంకో ప్రశ్న పెద్దగ కనపడ్డది. చూపు వస్తదా రాదా అన్నది ఒకటైతే, ఆ చిప్‌ను ముందుగాల ఎవరి కంట్లో పెట్టి చూసిన్రు, ఆ తర్వాత వాళ్లను ఎవరు చూసుకున్నరు అన్నది ఇంకోటి. పోస్టు జర పెద్దగనే ఉంటది, ఓపిక చేసుకొని చదవండి.

ముందుగాల కన్ను సంగతి

మన కంటి లోపల వెనక గోడకు అంటుకొని ఒక పలచని పొర ఉంటది. దాన్నే రెటీనా అంటరు, తెలుగు పుస్తకాల్లో నేత్రపటలం అని రాస్తరు. వెలుగును పట్టుకునే కణాలు అందులో ఉంటయి. అవి వెలుగును కరెంటు సంకేతంగా మారుస్తయి. పక్కనున్న ఇంకో వరుస కణాలు ఆ సంకేతాన్ని అందుకొని నరం ద్వారా మెదడుకు పంపుతయి. చూసేది నిజానికి మెదడే.

రెటినైటిస్ పిగ్మెంటోసా అని ఒక జబ్బున్నది. ఇది వంశంలో వచ్చేది. ఇందులో వెలుగును పట్టే కణాలు మెల్లమెల్లగ చచ్చిపోతయి. మొదలు రేచీకటి వస్తది, మాపటి పూట దారి కనపడదు. (రేచీకటి విటమిన్ ఎ తక్కువైనా వస్తది, అది వేరే, దానికి మందున్నది.) తర్వాత పక్క చూపు పోతది. గొట్టంలో నుంచి చూసినట్టు నడుమ ఇంత మాత్రమే కనపడతది. చివరికి అది కూడా పోవచ్చు. అయితే వెలుగు పట్టే కణాలు పోయినా, వాటి వెనకున్న వరుసలో కొన్ని కణాలు బతికే ఉంటయి. బల్బు మాడిపోయింది గానీ వైరు బాగానే ఉన్నదన్నట్టు. మరి ఆ వైరుకు బయటి నుంచి కరెంటు అందిస్తే? చిప్ ఆలోచన మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదనే నిలబడ్డది.

దీన్ని బట్టే ఇంకో సంగతి తెలుస్తున్నది. మోతిబిందుకు ఈ చిప్ పనికిరాదు, దాని అవసరం కూడా లేదు. కంటి ముందున్న నల్లగుడ్డు మీది పొర తెల్లబడ్డోళ్లకు, నీటికాసులతో నరమే దెబ్బతిన్నోళ్లకు కూడా ఈ రెటీనా చిప్ పనిచెయ్యదు.

270 ఏండ్ల కింద మొదలైన పరీక్ష

1755లో ఫ్రాన్స్‌ల షార్ల్ లెరోయ్ అనే వైద్యుడు చూపులేని ఒక మనిషి తలకు తీగలు చుట్టి కరెంటు పెట్టిండు. చూపు రాలే గానీ ఆ మనిషికి మెరుపుల్లాంటి వెలుగు కనపడ్డది. చదివితే వింతగ ఉంటది. కానీ ఆ మనిషి పేరు మనలాంటోళ్లు చదివే చరిత్రల కనపడదు. లెరోయ్ పేరే మిగిలింది.

1929ల జర్మనీ వైద్యుడు ఓట్‌ఫ్రిడ్ ఫోయర్‌స్టర్ ఆపరేషన్‌లో ఒక మనిషి మెదడు వెనక భాగానికి కొంచెం కరెంటు తాకిచ్చిండు. ఆ మనిషికి కండ్ల ముందు వెలుగు చుక్క కనపడ్డది. 1956ల ఆస్ట్రేలియాల గ్రాహం టాసికర్, రెటీనా వెనక సెలీనియం ముక్క పెడితే వెలుగు తెలుస్తదని పేటెంట్ రాసిండు. 1968ల ఇంగ్లండ్‌ల బ్రిండ్లీ, లెవిన్ అనే ఇద్దరు ఒక చూపులేని స్త్రీ మెదడు మీద 80 ఎలక్ట్రోడ్‌లు పెట్టిన్రు. ఆమె వేర్వేరు చోట్ల వెలుగు చుక్కలు కనపడుతున్నయని చెప్పింది.

ఇప్పుడు మనం వీడియోల్లో చూసే చిప్‌ల కథ 1990లల్ల అమెరికాల నడుస్తది. పాకిస్తాన్ మూలాలున్న మార్క్ హుమాయున్ అనే డాక్టరు, వాళ్ల నానమ్మకు షుగర్‌తో చూపు పోవుడు చూసి ఈ దారి పట్టిండని చెప్తరు. ఆయన, యూజీన్ డి హువాన్ కలిసి చూపులేని మనుషుల కంటికి మత్తిచ్చి, మెలకువగా ఉండంగనే రెటీనాకు సన్న తీగతో కొద్ది కరెంటు తాకిచ్చిన్రు. "ఏం కనపడుతున్నది" అని అడిగిన్రు. వెలుగు చుక్క అని వాళ్లు చెప్పిన్రు. అట్ల 5గురి మీద చేసిన పరీక్షను 1996ల అచ్చు వేసిన్రు. ఏండ్ల నుంచి చీకట్ల ఉన్న రెటీనాల కూడా ఇంకా జీవమున్నదని దాంతో తేలింది.

ఆర్గస్

1998ల కాలిఫోర్నియాల సెకండ్ సైట్ అనే కంపెనీ పెట్టిన్రు. 2002ల ఆర్గస్ 1 అనే మొదటి చిప్‌ను మనిషి కంట్లో పెట్టిన్రు. అందులో 16 ఎలక్ట్రోడ్‌లు మాత్రమే. అంటే 16 చుక్కలు. 6గురికి పెట్టిన్రు.

2007ల ఆర్గస్ 2 పరీక్ష మొదలైంది. ఇందులో 60 ఎలక్ట్రోడ్‌లు. అమెరికా, యూరప్ దేశాల్లో కలిపి 30 మందికి పెట్టిన్రు. అది పనిచేసే తీరు ఇట్ల ఉంటది: నల్ల అద్దాల మధ్య చిన్న కెమెరా, నడుముకు ఒక చిన్న కంప్యూటర్ డబ్బా. కెమెరా చూసిన బొమ్మను ఆ డబ్బా చుక్కలుగ మార్చి, వైరు లేకుండ కంటికి పంపుతది. కంటికి కుట్టిన చిన్న పరికరం ఆ సంకేతాన్ని అందుకొని రెటీనా మీదున్న 60 చుక్కల్లో కొన్నిటికి కరెంటు ఇస్తది.

దాంతో ఏం కనపడ్డది? ముఖం కనపడలే. రంగులు కనపడలే. తలుపు ఎక్కడున్నదో, కిటికీ వెలుగు ఎటున్నదో, నేల మీద తెల్ల గీత ఎటు పోతున్నదో తెలిసింది. కొందరు పెద్ద పెద్ద అక్షరాలు గుర్తుపట్టిన్రు. పూర్తి చీకట్ల ఉన్న మనిషికి ఇది చిన్న సంగతి కాదు. కానీ వీడియోల చూపెట్టినట్టు "చూపు వచ్చింది" అంటే అది సగం అబద్ధమే.

పరీక్ష ఖర్చు కూడా తెలుసుకోవాలె. ఖర్చంటే పైసలు కాదు, ఒంటి ఖర్చు. ఆ 30 మందిలో 19 మందికి చిప్ వల్ల గానీ ఆపరేషన్ వల్ల గానీ ఇబ్బంది రాలేదు. మిగతా 11 మందికి కలిపి 23 సార్లు తీవ్రమైన ఇబ్బందులు వచ్చినయి. కంటి తెల్లగుడ్డు మీది పొర అరిగిపోవుడు, కుట్లు విచ్చుకునుడు, రెటీనా ఊడుడు, లోపల వాపు వచ్చుడు అసొంటివి. ఇవన్నీ ఓర్చుకొని వాళ్లు నెలనెలా ల్యాబ్‌కు పోయి, తెర మీద వెలుగు చుక్క ఎటున్నదో చేత్తో చూపెట్టి వచ్చిన్రు. వాళ్లు అట్ల చేస్తేనే 2011ల యూరప్‌ల, 2013 ఫిబ్రవరిల అమెరికాల దీనికి అనుమతి వచ్చింది. ఒక్క పరికరం ధర సుమారు 1,50,000 డాలర్లు. ఆపరేషన్ ఖర్చు మళ్లా వేరే.

ల్యాంప్ రూం మూసేస్తే

మన గోదావరిఖనిల అండర్‌గ్రౌండ్ గని సంగతి తెలిసినోళ్లకు ల్యాంప్ రూం ఏంటిదో చెప్పే పని లేదు. షిఫ్టుకు పోయేటోళ్లు అక్కడ క్యాప్ ల్యాంప్ తీసుకుంటరు, పైకొచ్చినంక అక్కడనే ఇచ్చిపోతరు. ఛార్జింగ్ పెట్టేది, రిపేర్ చేసేది, పనికిరానిది పక్కన పడేసేది వాళ్లే. నెత్తి మీద దీపం ఎంత మంచిదైనా, వెనక ల్యాంప్ రూం లేకపోతే అది ఎన్ని షిఫ్టులు వెలుగుతది?

ఆర్గస్ పెట్టించుకున్నోళ్లకు సరిగ్గ ఇదే జరిగింది. ప్రపంచం మొత్తంల 350 మందికి పైగా దాన్ని పెట్టించుకున్నరు. కంపెనీకి లాభం రాలే. 2019ల రెటీనా చిప్ చేసుడు ఆపి, మెదడుల పెట్టే ఇంకో చిప్ వైపు పోయిన్రు. 2020ల పైసలు అయిపోయి చానా మంది ఉద్యోగులను తీసేసిన్రు. 2022 ఫిబ్రవరిల అమెరికా ఇంజినీర్ల పత్రిక ఐఈఈఈ స్పెక్ట్రమ్ ఈ సంగతంతా బయటపెట్టింది. డబ్బా చెడిపోతే బాగుచేసేటోళ్లు లేరు, పార్టులు దొరకవు. ఒకామెకు రైల్వే స్టేషన్‌ల మెట్లు దిగుతుండంగ పరికరం ఆగిపోయి మళ్లా వెలగలే. పనిచెయ్యని వస్తువు కంట్లనే ఉండిపోయింది. తీయించుకోవాలంటే ఇంకో ఆపరేషన్, దాంట్ల మళ్లా ప్రమాదం. ఎంఆర్ఐ స్కానింగ్ తీయించుకోవాలన్నా ఈ చిప్ గురించి కంపెనీని అడగాలె, అడిగితే పలికేటోళ్లు లేరు.

ఇది ఒక్క కంపెనీ కథ అనుకోకండి. అమెరికాలనే ఆప్టోబయోనిక్స్ అని ఇంకోటి 2000ల నుంచి మనుషుల కండ్లల్ల చిప్‌లు పెట్టింది, 2007ల దివాలా తీసింది. జర్మనీల ఎబర్‌హార్ట్ జ్రెన్నర్ బృందం 1500 చుక్కల చిప్ తయారుచేసింది, 2013ల యూరప్ అనుమతి వచ్చింది. దాని కంపెనీ 2019ల మూతపడ్డది. మూడు చోట్లా సైన్సు ఎంతో కొంత ముందుకే పోయింది, అందులో అబద్ధం లేదు. కానీ కన్ను ఇచ్చిన మనిషికి దారి చివర ఎవరూ నిలబడలే.

ఇప్పుడు తిరుగుతున్న వీడియో కొత్త చిప్ గురించి. దాని పేరు ప్రిమా. స్టాన్‌ఫోర్డ్‌ల డేనియల్ పలాంకర్ ఆలోచన అది. 2 మిల్లీమీటర్ల వెడల్పు, వెంట్రుక కన్నా సన్న మందం, 378 చుక్కలు. లోపల బ్యాటరీ లేదు, తీగ లేదు. కంటద్దాల నుంచి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పంపితే, దాంతోనే చిప్‌కు కరెంటు కూడా వస్తది. పెద్ద వయసుల నడిమి చూపు పోయే మ్యాక్యులా జబ్బు ఉన్నోళ్ల కోసం చేసిన్రు. 5 యూరప్ దేశాల్లో 38 మందికి పెట్టిన్రు. ఏడాది తర్వాత వచ్చిన 32 మందిలో 26 మంది ఇంతకుముందు కన్నా బాగ చదవగలిగిన్రని 2025 అక్టోబర్‌ల వైద్య పత్రికల వచ్చింది. ఇది ఇప్పటిదాకా వచ్చిన వాటిల్ల పెద్ద ఫలితం, సంతోషపడాల్సిందే. అయితే దీన్ని మొదలు చేసిన పిక్సియం అనే ఫ్రెంచ్ కంపెనీ కూడా పైసల్లేక నిలబడలే, 2024ల దాన్ని ఇంకో అమెరికా కంపెనీ కొనుక్కున్నది. ఈసారి ల్యాంప్ రూం తాళం చేతులు మారింది గానీ మూతపడలే, గంతే తేడా.

మన దగ్గర చూపు ఎందుకు పోతున్నది

మరి మన తాతలకు, నాయనమ్మలకు ఈ చిప్ పనికొస్తదా? దీనికి జవాబు మన జిల్లాలనే ఉన్నది.

1987ల గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాద్‌ల ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పెట్టిన్రు. 1996 నుంచి 2000 దాకా ఆ సంస్థ అప్పటి ఆంధ్రప్రదేశ్‌ల పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్, పశ్చిమగోదావరి, మహబూబ్‌నగర్‌తో పాటు మన పాత ఆదిలాబాద్ జిల్లా కూడా అందులో ఉన్నది. 10,293 మంది కండ్లు పరీక్షించిన్రు. వందల 1.84 మందికి చూపు లేదని తేలింది. ఎందుకు లేదని చూస్తే, 44 శాతం మోతిబిందు. ఇంకో 16 శాతానికి పైగా కంటద్దాలు లేకపోవుడు. ఇంకోసారి చదవండి: కంటద్దాలు లేకపోవుడు. ఈ రెండూ కలిస్తే 60 శాతం. ఒకదానికి చిన్న ఆపరేషన్, ఇంకోదానికి ఒక జత అద్దాలు.

అంటే మన దగ్గర చూపు పోయినోళ్లలో సగం కన్నా ఎక్కువ మందికి చిప్ కాదు, దగ్గర్ల ఒక కంటి దవాఖాన, అక్కడిదాకా పోయే బస్సు, తోడుగ ఒక మనిషి కావాలె. అదే సంస్థ 1996ల పాత ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌ల పల్లె జనం కోసం మొదటి కంటి దవాఖాన తెరిచింది. తర్వాత ఊళ్లల్ల విజన్ సెంటర్లు పెట్టి, అక్కడి పిల్లలకే ఏడాది శిక్షణ ఇచ్చి కండ్లు పరీక్షించే పని అప్పజెప్పింది. ప్రభుత్వం కూడా 2018 ఆగస్టు 15న, మళ్లా 2023 జనవరిల కంటి వెలుగు పెట్టి ఊరూరా పరీక్షించి అద్దాలు ఇచ్చింది. వీటి గురించి వీడియోలు ఎవరూ పంపరు.

బొగ్గు పనికి, కంటికి కూడా ఒక పాత సంబంధం ఉన్నది. వంద ఏండ్ల కింద ఇంగ్లండ్ గనుల్ల వేల మంది కార్మికులకు కనుగుడ్లు ఆగకుండ అటూ ఇటూ ఊగే జబ్బు వచ్చింది. నిస్టాగ్మస్ అన్నరు. మసక దీపాల వెలుగుల ఏండ్ల తరబడి బొగ్గు కొట్టుడే దానికి కారణమని తేలింది. 1907ల దాన్ని పరిహారం ఇయ్యాల్సిన పని జబ్బుల్ల చేర్చిన్రు. మంచి ఎలక్ట్రిక్ క్యాప్ ల్యాంపులు వచ్చినంక ఆ జబ్బు తగ్గిపోయింది. ఎవరి కంట్లా ఏమీ పెట్టలే. వెలుగు పెంచిన్రు, అంతే.

అట్లని చిప్ మనకు అక్కరలేనిదే అని మేము అంటలేము. రెటినైటిస్ పిగ్మెంటోసా మన ఇండ్లల్ల కూడా ఉన్నది. ఇది చానా సార్లు తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా అదే జన్యువు వస్తేనే బయటపడతది. మేనరికాలల్ల ఆ అవకాశం ఎక్కువ. మామ బిడ్డను చేసుకునుడు మన దగ్గర తప్పు కాదు, అది చుట్టరికం నిలబెట్టుకునే పద్ధతి. మేము దాన్ని తక్కువ చేసి మాట్లాడుతలేము. కానీ ఒక ఇంట్ల ఇద్దరికి రేచీకటి ఉంటే, తర్వాతి పెండ్లి మాట అనుకునే ముందు ఒకసారి కంటి డాక్టర్‌ను అడుగుడు మంచిది. ఈ మాట పెద్దోళ్లకు మనమే చెప్పాలె. వాళ్ల భాషల, మర్యాదగ.

ఎవరు సంతకం పెట్టిన్రు?

ఇక్కడ మన సొంత చరిత్ర ఒకటి యాది చేసుకోవాలె. 2009 జులైల అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన్రు. సుమారు 14,000 మందికి. పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. ఆ పిల్లల్లో చానా మంది మనోళ్లు, ఆశ్రమ పాఠశాలల్ల, హాస్టళ్లల్ల ఉండేటోళ్లు. కొందరు పిల్లలు చనిపోయినంక గొడవ అయ్యి, 2010 ఏప్రిల్‌ల ఆపేసిన్రు. ఆ చావులకు టీకాతో సంబంధం ఉన్నట్టు లేదని విచారణ కమిటీ చెప్పింది. అది కూడా చెప్పాలె, లేకపోతే మనం కూడా సగం అబద్ధం చెప్పినట్టే. హెచ్‌పీవీ టీకా మంచిదే, క్యాన్సర్‌ను ఆపేదే.

కానీ ఒప్పుకోలు సంగతి వేరు. 2013 ఆగస్టుల పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికల ఆ లెక్కలు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌ల చూసిన 9,543 ఒప్పుకోలు పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్‌లు సంతకం పెట్టిన్రు. అమ్మ కాదు, నాయన కాదు. వార్డెన్.

మనం హాస్టల్ పిల్లలం. ఈ లెక్క చదివినంక మా రూంల కొంచెం సేపు ఎవరూ మాట్లాడలే. లెరోయ్ కథల పేరు లేని మనిషి, ఈ 2,763 కాగితాల్ల సొంత సంతకం లేని పిల్లలు మాకు ఒక్క తీరుగనే కనపడ్డరు. ఆర్గస్ 30 మంది కనీసం తెలిసి ఒప్పుకున్నరు, ఏం ఇస్తున్నరో వాళ్లకు తెలుసు. అయినా చివరికి ఒంటరిగ మిగిలిన్రు. తెలిసి ఒప్పుకున్నోళ్లకే గట్లయితే, అడగకుండ చేసినోళ్ల గతి ఏంది?

ఇప్పుడు చట్టాలు కొంచెం గట్టిపడ్డయి. 2017ల వైద్య పరికరాల నియమాలు, 2019ల కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చినయి. మనిషికి అర్థమయ్యే భాషల చెప్పాలె, చదువురానోళ్లకు సంబంధం లేని సాక్షి ఉండాలె, పరీక్ష వల్ల దెబ్బ తగిలితే ఉచితంగ వైద్యం, పరిహారం ఇయ్యాలె. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్ల ఆదివాసీలను ప్రత్యేకంగ కాపాడాల్సినోళ్లలో చేర్చిన్రు. కాగితం మీద బాగనే ఉన్నది. కాగితాన్ని చదివి అడిగేటోళ్లు కావాలె.

కాబట్టి రేపు చిప్ కావచ్చు, టీకా కావచ్చు, మందు కావచ్చు, మన ఊరికి పరీక్ష అంటూ ఎవరు వచ్చినా ఇవి అడుగుదాం:

1. ఇది వైద్యమా, పరీక్షనా? రెండూ ఒకటి కాదు.
2. మా భాషల ఎవరు చెప్తరు? గోండిల, కోయల, కొలామిల, లంబాడీల చెప్పే మనిషిని తెచ్చిన్రా?
3. పిల్లలైతే అమ్మనాయనలను అడిగిన్రా?
4. దెబ్బ తగిలితే ఎవరు చూస్తరు, ఎక్కడ, ఎన్ని రోజులు?
5. కంపెనీ మూతపడితే ఒంట్ల ఉన్న వస్తువును ఎవరు చూసుకుంటరు? ఇది కాగితం మీద రాసి ఇస్తరా?

ఐదో ప్రశ్న మాకు ఆర్గస్ నేర్పింది. మొదటి మూడు ఖమ్మం నేర్పింది.

మనల ఆప్టోమెట్రీ, నర్సింగ్, బయోమెడికల్ కోర్సుల గురించి ఆలోచించేటోళ్లు ఉంటే ఈ గ్రూపుల చెప్పండి, సీనియర్లతో మాట్లాడిస్తం. విజన్ టెక్నీషియన్ పనికి కూడా మన పిల్లలు పోవచ్చు. ఈ ఎండాకాలం సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంటి పెద్దోళ్లను ఒక్కో కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చదవమనండి. చదువురానోళ్లైతే వేళ్లు చూపెట్టి ఎన్నో చెప్పమనండి. మసకగ ఉన్నదంటే అమెరికా చిప్ కోసం చూడొద్దు, దగ్గర్ల ఉన్న కంటి దవాఖానకు తోలుకపోండి. ఆ 60 శాతంల మనోళ్లు ఎంత మంది ఉన్నరో మనకే తెలుస్తది.

జై ఆదివాసీ.